వెర్న్ బీడులో అన్న సమాధి

మఠపెద్ద ఫూకార్ నా గోధుమల్లో పదహారో పాలు తీసుకుంటాడు. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆయనే. పునీత ఆర్డూన్ మఠంలో మూడు చలికాలాలు ఆయన బెత్తం కింద కూర్చున్నాను. నాలుగో చలికాలం మా అన్నకి డాలు మోసే మనిషి కావలసి వచ్చి నన్ను మధ్యలోనే లాక్కుపోయాడు. నేర్చుకున్న నాలుగు ముక్కలూ ఇప్పుడు ఫూకార్ గురించి రాయడానికి పనికొస్తున్నాయి. వారం వారం గోధుమ బస్తా గాడిద మీద వేసుకుని, బ్రేయ్ ఏటి ఒడ్డున ఉన్న వెర్న్ మరకి పోతాను. గుమ్మంలో మఠం మనిషి కుంచం పట్టుకుని నిలబడి ఉంటాడు. "రండి దొరా" అంటాడు. ఆడించిన పిండిలోంచి కాదు, ముందే గింజల్లోంచి పదహారో పాలు తీసి పక్కన పోసుకుంటాడు.

ఆ మర నాది. ఫూకార్ దాన్ని దొంగిలించి ఉంటే తల పగలగొట్టి తెచ్చుకునేవాణ్ణి. దొంగిలించలేదు కనకే ఇంతకాలంగా నాకు అన్నం సరిగా అరగడం లేదు.

మా నాన్న పోతూ పోతూ మోంట్‌వ్రెల్ కోట, పొలాలు, అడవి అన్న అర్నూల్‌కి చెందాలన్నాడు. వెర్న్ మర, దాని చుట్టూ ఉన్న గడ్డి బీడు నాకన్నాడు. పెద్దకొడుకు చేతికిందే అన్నీ ఉంటాయి, చిన్నవాడు తన వాటా మీద వచ్చేది తింటాడు. మా వైపు ఎక్కడైనా అంతే. నాకు పెళ్ళి కాలేదు, కోట లేదు. ఆ మర తిరిగితేనే నేను ఒక మనిషిని. లేకపోతే అన్న బల్ల చివర కూర్చుని రొట్టె తినే తమ్ముణ్ణి.

అర్నూల్ సంగతి చెప్పాలి. గుమ్మంలోంచి వస్తుంటే తల వంచాల్సిన మనిషి. వయసులో ఉండగా మఠం ఆవుల్ని తోలుకొచ్చి, ఫూకార్ అడగడానికి వస్తే, పాలు పితికించి ఆయనకే ఒక ముంత ఇచ్చి పంపాడు. అందరూ నవ్వారు, ఫూకార్ కూడా నవ్వాడు. ఆయన నవ్విన ప్రతిసారీ ఎవరికో నష్టం, అది అప్పుడు మాకు తెలియదు. తరవాత అడవి హద్దు దగ్గర సోర్మెల్ వాళ్ళతో కొట్లాట వచ్చింది. కత్తి ఎత్తకూడదని చర్చి చాటించిన ఉపవాసకాలంలో, అన్న సోర్మెల్ దొర తమ్ముడి కొడుకుని చంపాడు. పంతొమ్మిదేళ్ళవాడు. అన్న చేతిలో అంతకు ముందూ మనుషులు చచ్చారు, కానీ ఆ రోజు నుంచి మాత్రం నిద్రపోలేదు. చెప్పుల్లేకుండా మూడు పుణ్యక్షేత్రాలు తిరిగాడు, కాళ్ళు పుళ్ళు పడ్డాయి, నిద్ర రాలేదు.

ఆ వసంతంలో యెరూషలేము యాత్ర గురించి బోధించే గురువు ఒకడు మా సంతకి వచ్చాడు. అన్న ఆ బోధ విని నేరుగా ఇంటికొచ్చి, వదిన ఎర్సెండ్ ఎర్ర శాలువా తీసి కత్తితో చీరాడు. భుజం మీద కుట్టుకోవడానికి సిలువ కావాలి.

"అది మా అమ్మ ఇచ్చింది!" అంది వదిన.

"యెరూషలేము నుంచి పట్టు తెస్తాలే."

"పట్టు నేను చూసుకుంటాను. నువ్వు రా, చాలు."

యాత్రకి గుర్రాలు కావాలి, కవచాలు కావాలి, దారిపొడుగునా తిండి కావాలి. ఫూకార్ రెండు గుర్రాలు, ఒక కంచరగాడిద, వెండి ఇస్తానన్నాడు. బదులుగా మఠానికి వెర్న్ మర, బీడు శాశ్వతంగా ఇవ్వాలి. అడవి ఇమ్మనలేదు, పొలాలు ఇమ్మనలేదు. ఏది అడగాలో ఆయనకి తెలుసు.

మా ప్రాంతంలో మఠానికి భూమి ఇవ్వాలంటే దాత ఒక్కడు ఒప్పుకుంటే చాలదు. దాత తన కత్తి బలిపీఠం మీద పెడతాడు. ఇంటివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి దాని పిడి మీద చెయ్యి వెయ్యాలి. వేసినవాళ్ళు ఇక జన్మలో ఆ భూమి అడగకూడదు. వెయ్యనివాడు మాత్రం ఎన్నాళ్ళకైనా వచ్చి నాదనొచ్చు. అందుకే మఠం వాళ్ళు చెయ్యి వేసిన ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి ముట్టజెబుతారు. వదినకి ఆవు ఇచ్చారు. అన్న కూతుళ్ళిద్దరికీ కొత్త జోళ్ళు ఇచ్చారు. చిన్నదానికి ఆరేళ్ళు. పెద్దయ్యాక ఈ రోజు మరచిపోకూడదని ఫూకార్ ఆచారం ప్రకారం దాని చెంప మీద ఒక్కటి వేశాడు. అది ఏడవలేదు. "రెండో చెంప మీద కూడా కొడితే ఇంకో జత ఇస్తావా?" అంది. గుడంతా నవ్వింది.

తరవాత నా వంతు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను.

"రారా గోస్లాన్," అన్నాడు అన్న.

"రాను."

"అయ్యగారు నీకూ ఒక గుర్రం ఇస్తానంటున్నారు."

"నాకు గుర్రం వద్దు. నా మర నాకు కావాలి."

"ఆ మర మీదేగదరా ప్రయాణం! యెరూషలేముకి మోకాళ్ళ మీద పోదామా?"

"చంపింది నువ్వు. నీ అడవి ఇచ్చుకో. నా మర ఎందుకు?"

గుడిలో ఎవరూ నవ్వలేదు. అన్న మొహం ఎర్రబడింది. ఫూకార్ మెల్లగా, "ఒరేయ్, మూడేళ్ళు నా దగ్గర చదివావు. ఇవ్వడం అనేది నేర్పలేదా నీకు?" అన్నాడు.

"తీసుకోవడం నేర్పారయ్యా. రోజూ చూసి బాగా నేర్చుకున్నాను."

అన్న కత్తి తీసి ఒరలో పెట్టుకున్నాడు. "వీడు వేసినా వెయ్యకపోయినా నేను ఇచ్చేశాను," అన్నాడు. ఫూకార్ తల ఊపాడు. చెయ్యి వెయ్యనివాడు ఒక్కడు, వాడూ అన్న వెంట తురకల దేశం పోతున్నాడు, తిరిగొస్తే అప్పుడు చూద్దాం. ఆయన ఏం లెక్క వేశాడో ఆ మొహంలోనే కనబడింది.

ఇటలీ దాటినా అన్న నాతో మాట్లాడలేదు. డాలు నేనే మోశాను, అన్నం నేనే వండాను. మాట మాత్రం గుర్రంతో మాట్లాడేవాడు. "ఓయ్, ఆ వెనక వచ్చేవాడికి చెప్పు, నీళ్ళు తెమ్మని." నేనూ గుర్రానికే జవాబు చెప్పేవాణ్ణి. సముద్రం దాటి, గ్రీకుల నగరం దాటి, ఎండకి రాళ్ళు పగిలే దేశంలో పడ్డాక గుర్రాలు చచ్చిపోవడం మొదలైంది. ఇక మాలో మేమే మాట్లాడుకోవలసి వచ్చింది.

తన గుర్రం చచ్చిన రోజు అర్నూల్ దాని జీను విప్పి తన భుజాన వేసుకున్నాడు.

"పారెయ్ అన్నా, అది నీకంటే బరువుంది."

"యెరూషలేములో ఇంకో గుర్రం మీద వేస్తాను."

"అక్కడ జీన్లు దొరకవా?"

"దొరుకుతాయి. ఇది నాది."

ఎండలో, వానలో, ఆంతియోకు గోడల కింద ఆకలి చలికాలమంతా ఆ జీను మోశాడు. తోలు నానబెట్టి తింటున్న రోజుల్లో నలుగురు వచ్చి అమ్మమన్నారు. అమ్మలేదు. వంతెన దగ్గర తురకలు మీదపడ్డ రోజున మావాళ్ళు పరుగెత్తుతుంటే, జీనుని నేల మీద పెట్టి దాని మీద ఒక కాలు వేసి నిలబడ్డాడు. పారిపోయేవాళ్ళు ఆ మనిషిని చూసి ఆగారు. తరవాత కొందరు దాన్ని వీరత్వం అన్నారు. నేను దగ్గరుండి చూశాను. మా నాన్న పన్ను వసూలు చేసేవాడి ముందు సరిగ్గా అలాగే నిలబడేవాడు.

కత్తికి చావలేదు అర్నూల్. నగరం మా చేతికొచ్చి, కడుపునిండా తిన్న తరవాత, కడుపు జారే జబ్బు పట్టుకుంది. వేల మంది అలా పోయారు. చివరి రోజు మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఒరేయ్, నువ్వు కత్తి మీద చెయ్యి వెయ్యలేదు కదూ."

"వెయ్యలేదు."

"మంచిపని చేశావు. ఫూకార్ ఇచ్చిన గుర్రాలు రెండూ ముసలివి. ఒకటి ఆల్ప్స్ కొండలు కూడా ఎక్కలేదు."

నవ్వొచ్చింది. తనకీ వచ్చింది, దగ్గుగా మారింది.

"పోయి నీ మర తీసుకో. వాడికి వదలకు. నన్ను కూడా తీసుకుపో. ఈ మట్టి నాకు పడదు. నన్ను మన ఊళ్ళో, మంచి నేలలో పెట్టు. కుదిరితే నాన్న పక్కన."

"నాన్న మఠం గుడిలో ఉన్నాడు. మర వదిలితేగాని ఫూకార్ లోపలికి రానివ్వడు అన్నా."

"రెండూ సాధించు. మన ఇంట్లో నాకంటే మొండివాడివి నువ్వొక్కడివే."

మాంసం అక్కడే మట్టిలో పెట్టి, ఎముకలు వేడి ద్రాక్షసారాలో కడిగి, లేడి తోలు సంచీలో కట్టాను. ఆ పని నా చేత్తో నేనే చేశాను. యెరూషలేము చేరాక, ప్రభువు సమాధి రాతికి ఆ సంచీ ఆనించాను. అన్న మొక్కు తీరింది. జీను అక్కడ నాకు దొరికిన ఒక గుర్రం మీద వేసి, గుర్రాన్ని ఎవరికో ఇచ్చేశాను.

నాలుగో ఏడు గడ్డి కోతల వేళకి మోంట్‌వ్రెల్ చేరాను. సంచీని కోటలో పెద్ద పెట్టెలో పెట్టి, వదిన ఏడుపు ఆగేదాకా ఉండి, మరునాడు పొద్దున్నే వెర్న్ మరకి పోయాను. మఠం మనిషి కుంచంతో నిలబడి ఉన్నాడు. గల్లా పట్టుకుని ఏట్లో వేశాను. ఈత వచ్చినవాడే. మర ఆడించే పికో మా నాన్న నాటివాడు. బయటికొచ్చి, "దొరా, చక్రం కీలు అరిగిపోయింది. వీళ్ళు నాలుగేళ్ళుగా నూనె వెయ్యలేదు," అన్నాడు. అంతే మా పలకరింపు. ఆ రోజే నూనె వేశాం, బీట్లో గడ్డి కోయించాను.

కౌంట్‌గారి కొలువులో పెద్దమనుషుల్ని అడిగాను. "చెయ్యి వెయ్యలేదన్నది ఊరంతా చూసింది. భూమి నీదే. పునీత మిఖాయేలు పండుగకి కొలువు కూడుతుంది, అప్పుడు తీర్పు చెబుతాం. అప్పటిదాకా మాత్రం నువ్వో నీ మనిషో ఆ నేల మీద ఉండాలి. వదిలితే వదులుకున్నట్టే లెక్క," అన్నారు.

అంటే ఎండాకాలమంతా పట్టుకుని కూర్చోవాలి. కూర్చున్నాను. మరలోనే తిన్నాను, మరలోనే పడుకున్నాను.

ఫూకార్ కర్రలతో మనుషుల్ని పంపుతాడనుకున్నాను. ఆయన పునీతుణ్ణి పంపాడు. మఠంలో ఆర్డూన్ పునీతుడి ఎముకల పెట్టెను బలిపీఠం మీంచి దింపి, నేల మీద గోనె పరిచి పెట్టారు. పైన ముళ్ళకంప కప్పారు. దీపాలు ఆర్పారు. మా భూమి మాకు వచ్చేదాకా పునీతుడు ఇలాగే అవమానం పడతాడు, గంట మోగదు, పూజ జరగదు, పెళ్ళి లేదు, చావుకి ప్రార్థన లేదు అని తలుపులు మూశారు. మా వైపు మఠాలకి ఇది పాత అలవాటే. పునీతుడికి కోపం తెప్పించి, ఊరికి కోపం తెప్పించి, ఆ కోపం మొత్తం ఒక్కడి మీదికి తోలతారు.

ఊరు నా మీదికి వచ్చింది. రొట్టెలు కాల్చే ఆవిడ పసిబిడ్డకి జ్ఞానస్నానం చేయించడానికి రెండు కోసులు నడిచి పక్క ఊరు పోయింది. తిరిగొస్తూ మర ముందు ఆగి, "దొరా, మీ చక్రం తిరుగుతోంది, మా గంట మూగబోయింది. బాగుంది," అంది. పిల్లలు నన్ను చూసి ముళ్ళకంప ముక్కలు విసిరేవాళ్ళు.

ఒకరోజు పికోని మరలో కాపలా పెట్టి మఠం వాకిటికి పోయాను. ఫూకార్ కిటికీలోంచి మాట్లాడాడు.

"నాయనా, అర్నూల్ కోసం నేను ఏడ్చాను. అబద్ధం కాదు. మీ నాన్న పక్కన రాయి ఎత్తించి ఉంచాను. మర వదిలానని ఒక్క మాట అను. రేపే పూజ, రేపే గంటలు."

"వదలను."

"అయితే ఆ సంచీ ఎక్కడ పెడతావు?"

"మీ మంచం కింద చోటుందా?"

"నవ్వులాటలు నాతో కాదు. అంతిమదినాన బూర ఊదుతారు. అందరూ సమాధుల్లోంచి లేస్తారు. నీ అన్న ఎక్కణ్ణించి లేవాలి? బట్టల పెట్టెలోంచా?"

ఆ మాట పుండు మీద కారం చల్లినట్టుంది. వెనక్కి తిరిగి వచ్చేశాను. కోటకి పోతే అక్కడ వదిన.

"ఏమయ్యా, ఒక్క మర కోసం నా మొగుణ్ణి ఎన్నాళ్ళు పెట్టెలో పెడతావు?"

"మిఖాయేలు పండుగ దాకా వదినా."

"ఆయనా బతికినన్నాళ్ళూ ఈ పండుగకి, ఆ పండుగకి అనే తిప్పాడు. చచ్చాక కూడానా!"

"నీకు ఆవు ఇచ్చారు. నాకేమిచ్చారు?"

"ఆ ఆవు ఆ చలికాలమే చచ్చింది. దాని పేరెత్తావంటే ఊరుకోను."

పెట్టె పక్కన దీపం వెలిగించి ఉంది. కూతుళ్ళిద్దరూ ఆ గదిలోకి రావడం మానేశారు. భోజనాల బల్ల వంటింట్లోకి మార్చుకున్నారు. వదిన తప్పేం లేదు. ఎముకలు తెచ్చిందీ నేనే, పెట్టెలో ఉంచిందీ నేనే.

ఎండలు ముదిరాక పికో తల్లి మాబీ చచ్చిపోయింది. పికో మర గుమ్మంలో టోపీ చేత్తో నలుపుతూ నిలబడ్డాడు.

"అమ్మ పోయింది దొరా."

"మఠానికి పోయావా?"

"పోయాను. మీ దొరనే అడగమన్నారు. ఎండ చూశారుగా. రేపటికి ఆగదు," అన్నాడు.

మర వదలమని వాడు అనలేదు. అని ఉంటే కోపం తెచ్చుకునేవాణ్ణి. అనలేదు కనక లేచి బయటికి పోయాను. బీడంతా నడిచాను. ఏరు పొంగినప్పుడు నీళ్ళు ఎక్కని చోటు ఒక్కటే ఉంది, మర పక్కన ఉన్న మెట్ట. అక్కడ నిలబడితే నాకు తట్టింది. మఠం తలుపు మూస్తే మూసుకోనీ. మంచి నేల మఠంలోనే ఉందా? నేలని మంచిది చేయించుకోవచ్చుగా.

అడవిలో బెరాన్ అనే సన్యాసి ఉన్నాడు. ఒకప్పుడు గురుపట్టం పొందినవాడే. పెద్ద గుడిలో తోటిగురువుల తిండి చూసి విసుగెత్తి అడవిలోకి పోయాడు. తేనెపట్లు, దుంపలు తిని బతుకుతాడు. పికోని మరలో ఉంచి, నేనే పోయి కాళ్ళ మీద పడ్డాను.

"సమాధులకి నేల పవిత్రం చెయ్యాలి స్వామీ."

"బిషప్ నన్ను ఇక్కడ ఏదీ చెయ్యమనలేదు," అన్నాడు బెరాన్. "చెయ్యొద్దనీ అనలేదు. ఉప్పు నీ ఇంట్లో ఉంది, నీళ్ళు ఏట్లో ఉన్నాయి. పద."

బీడు దగ్గరికి వచ్చేసరికి ఊరంతా వచ్చి ఉంది. మాబీని తలుపు చెక్క మీద మోసుకొచ్చారు. వదిన లేడి తోలు సంచీని ఒళ్ళో పెట్టుకుని బండిలో వచ్చింది. బెరాన్ ఉప్పునీళ్ళ గిన్నె చేత్తో పట్టుకుని నా వంక చూశాడు.

"ఎంత మేర?"

రెండు సమాధుల మేర అనాల్సింది. నా బుద్ధి అప్పుడు బాగా పదునుగా ఉందనుకున్నాను. పవిత్రం చేసిన నేల మీద ఎవరూ చెయ్యి ఎత్తకూడదు, బలంతో ఎవర్నీ లాక్కుపోకూడదు. ఎత్తినవాణ్ణి చర్చి వెలేస్తుంది. ఫూకార్ మనుషులు కర్రలు తెచ్చినా హద్దు దాటలేరు. ముళ్ళ కంచెకంటే గట్టి కంచె ఇది, అదీ వాళ్ళ చర్చి చట్టంతోనే.

"బీడంతా," అన్నాను. "మర కూడా."

"మరకెందుకయ్యా? అదింకా చావలేదుగా?"

"చావకుండా ఉండాలనే స్వామీ."

జనం నవ్వారు. ఎండాకాలం మొదలైనాక నా మాటకి ఊరు నవ్వడం అదే మొదటిసారి. బెరాన్ ముందు నడుస్తూ నీళ్ళు చల్లాడు, వెనక ఊరంతా పాడుకుంటూ నడిచింది. గంట లేదు కనక పికో రేకు పళ్ళెం మీద కర్రతో కొట్టాడు. నాలుగు మూలలా సిలువలు పాతాం. మర గోడకి కూడా నీళ్ళు చల్లాడు. ఆ తరవాత మెట్ట మీద అన్నని తూర్పుకి పాదాలు పెట్టి దించాను. పక్కన మాబీ. బతికున్నన్నాళ్ళూ అన్న ఎదురొస్తే దారి పక్కకి తప్పుకునే ముసలిది. ఇప్పుడు భుజం భుజం ఆనుకుని పడుకుంది. వదిన నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు బాగుంది," అంది.

సిలువ అవతల ఫూకార్ నిలబడి ఉండటం చూశాను. టోపీ తీశాడు. సిలువ గుర్తు వేసుకున్నాడు. హద్దు దాటి ఒక్క అడుగు కూడా లోపలికి వెయ్యకుండా వెనక్కి పోయాడు. ఓడిపోయాడనుకున్నాను.

ఆ వారమే మఠంలో గంట మోగింది. ముళ్ళకంప తీసేసి పునీతుణ్ణి మళ్ళీ పీఠం ఎక్కించారు. ఊళ్ళోవాళ్ళు నన్ను భుజాల మీద ఎత్తుకున్నంత పని చేశారు. రొట్టెలావిడ వేడి రొట్టె పంపింది. ఆ తరవాత ఊళ్ళో జ్వరాలు వచ్చి చచ్చిపోయినవాళ్ళని కూడా వెర్న్ బీట్లోనే పెట్టారు, యెరూషలేము సమాధిని తాకిన ఎముకల పక్కన పడుకోవడం ఎవరికి చేదు? నేను కాదనలేదు. గర్వంగా కూడా ఉంది.

మిఖాయేలు పండుగ నాడు కొలువు కూడింది. పెద్దమనుషులు సాక్షుల్ని అడిగారు. అన్న చిన్నకూతురు, ఇప్పుడు పదేళ్ళది, ముందుకొచ్చి, "బాబాయి చెయ్యి వెయ్యలేదు. చంకల్లో పెట్టుకున్నాడు," అంది. కౌంట్‌గారు తీర్పు చెప్పారు. వెర్న్ మర, బీడు గోస్లాన్‌వి, మఠానికి హక్కు లేదు.

గెలిచాను. నిజంగా గెలిచాను. పికో ఈల వేశాడు.

ఫూకార్ లేచాడు. "న్యాయమైన తీర్పు," అన్నాడు. "మఠం తరఫున తల వంచుతున్నాను. బిషప్‌గారి ప్రతినిధి ఇక్కడే ఉన్నారు కనక ఒక్క సందేహం అడుగుతాను. గురుపట్టం లేని మనిషి శ్మశానాన్ని సొంతానికి ఉంచుకోవచ్చా?"

ఆ ప్రతినిధి సన్నటి మనిషి. జలుబు చేసి ముక్కు తుడుచుకుంటున్నాడు. "కూడదు," అన్నాడు. "గుడి గానీ, సమాధులున్న పవిత్ర నేల గానీ, దాని మీద వచ్చేది గానీ గురువు కానివాడు అనుభవించకూడదు. దగ్గరలోని మఠానికి అప్పగించాలి. ఎంత నేల?"

"బీడంతా అయ్యా," అన్నాడు ఫూకార్. "మర కూడా. ఆయనే దగ్గరుండి చేయించారు. ఊరంతా చూసింది."

"బెరాన్‌కి బిషప్ అనుమతి లేదు," అన్నాను.

ప్రతినిధి నా వంక మొదటిసారి సరిగా చూశాడు. దుర్మార్గుడు కాదు. "అది నిజమైతే నీకొక దారుంది," అన్నాడు. "ఆ నేల పవిత్రం కాలేదని సువార్త గ్రంథం మీద ప్రమాణం చెయ్యి. నేను ఒప్పుకుంటాను. బీడు నీది, మర నీది. కాకపోతే అక్కడ పూడ్చినవాళ్ళు పవిత్రం కాని మట్టిలో ఉన్నట్టు. గొడ్లని పూడ్చిన గుంటకీ దానికీ తేడా ఉండదు. అది కూడా నీ నోటితో చెప్పాలి."

గ్రంథం తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టారు. కౌంట్‌గారు కాళ్ళు బారజాపి కూర్చున్నారు, భోజనం వేళ దాటిపోతోంది. పికో టోపీ తీసి పట్టుకుని నా చేతుల వంకే చూస్తున్నాడు. జ్వరానికి మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి ఒకతె పిల్లని ఎత్తుకుని నిలబడి ఉంది. వదిన ఏదైనా అంటే బాగుండుననిపించింది. ఫూకార్ గోళ్ళు చూసుకుంటున్నాడు.

ఒక్క మాట. అంటే నా మర నాకు వస్తుంది. దాని మీద పెళ్ళి, ఇల్లు, నా బల్ల, నా రొట్టె. అన్న ఎలాగూ చచ్చాడు, మట్టి ఏదైతే ఏమిటి అని ఒక ఆలోచన వచ్చింది, అబద్ధమెందుకు. కానీ ఆ ఎముకల్ని ఒక్కొక్కటే కడిగింది నేను. ఏ ఎముక ఎక్కడిదో నాకు తెలుసు.

"పవిత్రమే," అన్నాను.

"ఏమన్నావు?"

"ఆ నేల పవిత్రమైనదే. నేనే చేయించాను. కాదని ఎవడన్నా పళ్ళు రాలగొడతాను, ఈ కొలువులోనైనా సరే."

"అయితే మఠానికి ఇచ్చెయ్యి," అన్నాడు ప్రతినిధి.

"నేనివ్వను. మీరు తీసుకోండి."

తీసుకున్నారు. బలిపీఠం మీద పెట్టడానికి నా కత్తి అడిగారు, ఇవ్వలేదు. ఫూకార్ తన నడుముకున్న సంచీలోంచి కలాలు చెక్కుకునే చాకు తీసి పెట్టుకున్నాడు. పిడి మీద చెయ్యి వెయ్యమంటే వెయ్యలేదు. అందుకని ప్రతి ఏడూ మిఖాయేలు పండుగకి కౌంట్‌గారి కొలువుకి పోతాను. నా పేరు పిలవకముందే లేచి నిలబడతాను. ఇవ్వలేదు, తీసుకున్నారు అంటాను. పెద్దమనుషులు తల ఊపుతారు, గోస్లాన్ మళ్ళీ వచ్చాడు అనుకుంటారు. పోయిన ఏడు మోకాలు వాచి నడవలేకపోతే గాడిదెక్కి పోయాను. వచ్చే ఏడూ పోతాను. ఫూకార్ నాకంటే పెద్దవాడు, ఆయన పోయాక ఇంకొకడు వస్తాడు, వాడికీ చెబుతాను. నా తరవాత చెప్పమని అన్న చిన్నకూతురికి నేర్పాను. మొండితనంలో అది మా ఇంటిదే.

తీసుకున్నది ఇది: ఒక చక్రం, రెండు జతల రాళ్ళు ఉన్న వెర్న్ మర, దాని నీటికట్ట, చేపల మడుగు, మర మెట్ట నుంచి పాత రాతిబాట దాకా, ఏటి వంపు నుంచి సోర్మెల్ వాళ్ళ హద్దురాయి దాకా, పదకొండున్నర ఆర్పాన్ల గడ్డి బీడు.